తలమీద పట్టా ఉంది, చేతిలో పట్టా లేదు: కాలవగట్ల డేరాల గురించి

పెన్నాగాలి:
ఏటా ఇదే తంతు. ఆగస్టు దాటగానే పూడికతీత మాట వస్తుంది. అప్పుడు నెల్లూర్లో సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ గట్ల మీద డేరాల నీలం పట్టాలు (టార్పాలిన్లు) అందరి కంట్లో పడతాయి. ఒంగోల్లో పోతురాజు కాలువ కథా ఇంతే. పొక్లెయిన్ వస్తుంది, పట్టాలు లేస్తాయి, దీపావళి నాటికి రెండొందల గజాల అవతల మళ్లీ వేసుంటాయి. "అయ్యో పాపం" అనేవాళ్లూ ఉన్నారు, "పీకిపారెయ్యాలి" అనేవాళ్లూ ఉన్నారు. ఆ రెండూ ఇక్కడ వద్దు. ముందు ఏ పని చెయ్యాలి, తర్వాత ఏది, ఎక్కడ బెడిసికొడుతుంది, తెలిసినవాళ్లు లెక్కలతో చెప్పండి.

కాలవకొలత:
గట్టు నుంచే మొదలుపెడతా. పొక్లెయిన్ నడవాలంటే 4 మీటర్ల వెడల్పు ఖాళీ కావాలి. తీసిన పూడిక పక్కన పోసి, ఆరాక ట్రాక్టర్లకి ఎత్తాలంటే ఇంకో 3 మీటర్లు. డేరాలు అడ్డమొస్తే ఆ ముక్క వదిలేసి యంత్రం ముందుకి పోతుంది. 500 మీటర్లు తవ్వి మధ్యలో 20 మీటర్లు వదిలితే తవ్వనట్టే. నీళ్లు ఆ గడ్డ దగ్గర ఆగి వెనక్కి ఎక్కుతాయి.

రెండోది గుంజలు. గట్టు అంచున అడుగున్నర లోతు పాతి, ఏడాదికి పీకి, పక్కన మళ్లీ పాతితే ఆ బొక్కల్లోకి వాననీళ్లు దిగుతాయి. ఎలకలు కలుగులు పెడతాయి. పైకి బాగానే కనబడుతుంది, లోపల గట్టు గుల్ల. పొయ్యి కోసం వాలుని చెక్కి చదును చేసినచోట మొదటి పెద్దవానకే మట్టి జారుతుంది. 2021 నవంబరులో సోమశిల నీళ్లు వదిలినప్పుడు పెన్నా ఒడ్డున భగత్‌సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురం మునిగాయి. అవి గోడలున్న ఇళ్లు. ఇక పట్టాల డేరా సంగతి చెప్పేదేముంది? గట్టు ఖాళీ కావాల్సిందే. ఎప్పుడు, ఎలా అన్నదే మాట్లాడుకోవాలి.

రాత్రిలెక్క:
కొలతన్నతో పేచీ లేదు. కానీ అక్కడ ఎవరున్నారో తెలియకుండా నోటీసు అంటించడంతోనే పని చెడుతుంది. ఒకే వరసలో 40 డేరాలుంటే అందులో కనీసం నాలుగు రకాల వాళ్లుంటారు.

ఉదయగిరి, కనిగిరి, పామూరు వైపు నుంచి వచ్చిన కూలి కుటుంబాలు ఒకటి. వీళ్లకి ఊళ్లో ఎంతో కొంత ఇల్లుంటుంది, పని ఉండదు. నీళ్లు పడని ఏడు ఎక్కువమంది వస్తారు, వానలు బాగుంటే కొందరు తిరిగిపోతారు. రెండోది యానాది గిరిజన కుటుంబాలు. వాళ్లని "వలస" అని రాయడం తప్పు. చాలాచోట్ల ఊరికంటే ముందు నుంచీ ఆ నీటి పక్కనే ఉన్నవాళ్లు, వెనక్కి పంపడానికి వేరే ఊరు లేదు. మూడోది సీజన్‌కి వచ్చి పోయే వృత్తులవాళ్లు: బొమ్మలు పోసేవాళ్లు, కొలిమి పెట్టుకునేవాళ్లు, గంగిరెద్దులవాళ్లు. వీళ్లకి డేరా వేసుకోను, ఎద్దు కట్టుకోను రెండు నెలలు జాగా చూపిస్తే చాలు. పక్కా ఇల్లు ఇస్తే తాళం వేసి పోతారు. నాలుగోది ఒంటరివాళ్లు. కొడుకులు వదిలేసిన ముసలోళ్లు, మతి చలించినవాళ్లు, తాగుడుకి అన్నీ పోగొట్టుకున్నవాళ్లు. వీళ్లు డేరాల్లో కంటే రైల్వేస్టేషను దగ్గర, బస్టాండ్లలో, ఆస్పత్రి వరండాల్లో ఎక్కువ.

ఈ నాలుగింటికీ ఒకటే మందు రాస్తే ఒక్కరికీ పనిచెయ్యదు.

ట్రంకురోడ్డోడు:
అంతా బానే ఉంది గానీ, వీళ్లలో సగంమందికి స్థలాలు ఇచ్చారు కదన్నా. అమ్ముకుని మళ్లీ గట్టెక్కారు. ఇంకెన్నిసార్లు ఇవ్వాలి?

అర్జీరాయుడు:
సగంమంది అనే లెక్క ఎక్కడిదో గానీ, అమ్ముకున్నవాళ్లు లేరని అనను. ఎందుకు నిలబడలేదో చూడండి. 2020 డిసెంబరు 25న మొదలైన "పేదలందరికీ ఇళ్లు" పథకంలో పట్టణాల్లో ఇచ్చింది 1 సెంటు, అంటే 48.4 చదరపు గజాలు. ఇంటికి 1.8 లక్షలు. ఆ డబ్బు ఒక్కసారిగా చేతికి రాదు, పునాది, గోడలు, శ్లాబు అని దశలవారీగా బిల్లు పడుతుంది. అంటే ప్రతి దశా ముందు సొంత డబ్బుతో లేపి, ఫొటో తీయించుకుని, బిల్లు పడేదాకా ఓపిక పట్టాలి. రోజుకూలికి ఆ ముందు డబ్బు ఎక్కడిది? వడ్డీకి తెస్తాడు. బిల్లు ఆలస్యమైతే వడ్డీ పెరుగుతుంది, పునాది దగ్గరే ఆగిపోతుంది. ఒంటరి ఆడమనిషి అయితే మేస్త్రీని వెతకడం దగ్గరే ఆగుతుంది.

టిడ్కో ఇళ్లలో, అంటే పట్టణాల్లో ప్రభుత్వం కట్టిన అపార్ట్‌మెంట్లలో, 365, 430 చదరపు అడుగుల వాటికి బ్యాంకు అప్పు ఉంటుంది. నెల వాయిదా కట్టాలి. నెలకి 15 రోజులు పని దొరికేవాడికి అది ఇంకో అద్దె.

ఇంకోటి, కాలవ పోరంబోకు అనేది అభ్యంతరకర పోరంబోకు. దాని మీద 30 ఏళ్లున్నా పట్టా, అంటే హక్కు కాగితం, రాదు. ఈ సంగతి వాళ్లకి ఎవరూ ముఖాన చెప్పరు, ఎన్నికలప్పుడు అయితే అసలే చెప్పరు. "ఇక్కడే ఇప్పిస్తాం" అన్న మాట పట్టుకుని కూర్చుంటారు. తలమీద పట్టా, చేతిలో పట్టా, రెండిటికీ తెలుగులో ఒకటే మాట ఉండటం మన ఖర్మ.

పాకమనిషి:
ఎక్కడ డేరా వేశాడో చూస్తే సగం సమాధానం అక్కడే ఉంటుంది. కూలి అడ్డా ఉదయం 6:30కి కూడుతుంది, 8 దాటితే మేస్త్రీలు ఉండరు. అడ్డాకి నడిచిపోయేంత దూరంలోనే డేరా ఉంటుంది. ఊరి బయట కాలనీకి మార్చారనుకోండి. ఆటోకి పోను 20, రాను 20, ఆలుమగలిద్దరికీ 80. అది కూడా పని దొరికిన రోజు సంగతి. దొరకని రోజు ఆ 80 అప్పే.

అద్దె లెక్క వేద్దాం. ఒక్క గది 3,500 అనుకోండి. మూడు నెలల అడ్వాన్సు 10,500, మొదటి నెల అద్దె కలిపితే 14,000 ఒక్కసారే కావాలి. నెలకి 3,500 కట్టగలిగినవాళ్లు ఆ డేరాల్లో ఉన్నారు. ఒక్కసారిగా 14,000 తేగలిగినవాళ్లు లేరు. పైగా "ఏమిటోళ్లు, ఎంతమంది" అని అడిగి యానాదులకి, సంచార కులాలకి గది ఇవ్వరు. ఇది పైకి ఎవరూ ఒప్పుకోరు, టులెట్ బోర్డు మీద రాయరు. అడ్వాన్సు డబ్బు వరకు ఎవరైనా పూచీ పడితే గట్టు దిగేవాళ్లు కొందరు తప్పకుండా ఉంటారు. స్థలం ఇవ్వడం కంటే అది చాలా చవక.

ట్రంకురోడ్డోడు:
అడ్వాన్సు లెక్క ఆలోచించాల్సిందే. సరే, మరి నైట్ షెల్టర్లు ఉన్నాయి కదా, అందులోకి పొమ్మంటే ఏం?

రాత్రిలెక్క:
అవి ఎవరికోసం కట్టారో చూడాలి. కేంద్రం పట్టణ జీవనోపాధి మిషన్ కింద పెట్టిన నియమాల ప్రకారం లక్ష జనాభాకి కనీసం 100 మందికి షెల్టర్లలో చోటు, ఒక్కోదాన్లో 50 నుంచి 100 మంది, మనిషికి 50 చదరపు అడుగులు. 2011 లెక్కల మీద చూసినా నెల్లూర్లో దాదాపు 500 మందికి, ఒంగోల్లో 200 మందికి చోటుండాలి. ఒక మేనేజరు, 8 గంటల షిఫ్టుల్లో ముగ్గురు కేర్‌టేకర్లు. 24 గంటలూ తెరిచి ఉండాలి. వంటకి చోటు, సామాను పెట్టుకోను లాకరు, దోమల నివారణ, ప్రథమ చికిత్స పెట్టె, అన్నీ రాసి ఉన్నాయి.

ఎందుకు ఖాళీగా ఉంటాయంటే, హాలు మగవాళ్లదీ ఆడవాళ్లదీ విడివిడిగా ఉంటుంది. పెళ్లాం బిడ్డలతో డేరాలో ఉన్నవాడు కుటుంబాన్ని రెండు ముక్కలు చేసుకుని ఎందుకు వస్తాడు? కుక్కని, కోళ్లని, తోపుడుబండిని లోపలికి రానివ్వరు. గేటు 10కి వేస్తే హోటల్లో గిన్నెలు కడిగేవాడు 11:30కి వస్తాడు. తాళం లేని లాకరు ఇంకోటి. లాకరు ఉంటే చాలదు, తాళంకప్ప ఇచ్చి, తాళంచెవి పోతే తెరిచే మనిషి కూడా ఉండాలి. లేకపోతే ఆధార్ కార్డు, ఫోను, మూడొందల డబ్బు తలగడ కింద పెట్టుకుని నిద్రపోకుండా పడుకుంటారు. ఛార్జింగ్ పాయింటు మంచం పక్కనే ఉందా, గుమ్మం దగ్గర ఉందా అన్నదాన్ని బట్టి కూడా జనం వస్తారు, మానేస్తారు.

మందులపెట్టె:
షెల్టరు ఖాళీ అవడానికి ఇంకో కారణం గజ్జి. ఒకడికి దురద మొదలైతే పది రోజుల్లో హాలంతా ఖాళీ. ఎక్కువచోట్ల గోకేవాడికి మాత్రం మందు ఇచ్చి వదిలేస్తారు. అలా చేస్తే తగ్గదు. పెర్మెత్రిన్ 5 శాతం క్రీము హాల్లో పడుకునే అందరికీ, కేర్‌టేకర్‌తో సహా, ఒకే రాత్రి. మెడ నుంచి అరికాలి దాకా, వేళ్ల సందులు, బొడ్డు, గోళ్ల కింద వదలకుండా రాయాలి. 8 నుంచి 14 గంటలు ఉంచి స్నానం. వారానికి మళ్లీ ఒకసారి. దుప్పట్లు వేణ్నీళ్లలో ఉతకాలి, లేదా గోనెలో కాకుండా గాలి దూరని ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి కనీసం 3 రోజులు పక్కన పెట్టాలి. రెండు నెలల్లోపు పసిబిడ్డలకి డాక్టరు చెప్పందే రాయొద్దు. దురద రెండు మూడు వారాలు ఉంటుంది, మందు పనిచెయ్యలేదని రోజూ రాసుకుంటే చర్మం మండుతుంది.

క్షయ గురించి ఒక్క మాట. కోర్సు 6 నెలలు. మధ్యలో డేరా పీకేస్తే మనిషి ఎటు పోయాడో ఆశా కార్యకర్తకి తెలియదు, మందు ఆగుతుంది, జబ్బు మొండికేస్తుంది. నోటీసు ఇచ్చేముందు ఆ వరసలో ఎవరు టీబీ మందు మింగుతున్నారో చూసి, కొత్త చోటికి దగ్గరి కేంద్రానికి కార్డు మార్పించాలి. గర్భిణులది కూడా అంతే.

ఒంగోలుగిత్త:
ఆధార్ లేనివాళ్ల సంగతి ఎవరైనా చెప్పండి. పోతురాజు కాలువ వైపు ఏ పథకం ఎత్తినా అక్కడే ఆగుతుంది.

అర్జీరాయుడు:
గిత్తా, మూడు దారులున్నాయి. ఇంట్లో ఒక్కరికి ఆధార్ ఉన్నా, చుట్టరికం రుజువుతో కుటుంబ పెద్ద ద్వారా మిగతావాళ్లకి ఎక్కించొచ్చు. ఒక్కరికీ లేకపోతే ఉడాయ్ (ఆధార్ ఇచ్చే సంస్థ) వాళ్ల నమూనా సర్టిఫికెట్ మీద గెజిటెడ్ అధికారి, ఎమ్మెల్యే, కార్పొరేటర్ లాంటివాళ్ల సంతకం. గుర్తింపు ఉన్న షెల్టర్లో ఉంటే ఆ సంస్థ అధిపతి సంతకం. సర్టిఫికెట్ తేదీ నుంచి 3 నెలలే చెల్లుతుంది. ఇక్కడే ఎక్కువగా పోతుంది. ఫొటో అడ్డంగా స్టాంపు పడకపోయినా, పేరు ఒక అక్షరం తేడా ఉన్నా వెనక్కి పంపుతారు, మళ్లీ సంతకం దొరికేసరికి మూడు నెలలు దాటుతాయి. సంతకం, నమోదు ఒకే వారంలో పెట్టుకోవాలి. పాత కూలీల వేలిముద్రలు అరిగిపోయి ఉంటాయి. ముందురోజు సున్నం, సిమెంటు పని మానిపించి, చేతులకి కొబ్బరినూనె రాయించి, నమోదుకి ముందు సబ్బుతో కడిగిస్తే చాలాసార్లు పడతాయి.

ఓటుకి మాత్రం చిరునామా కాగితం అక్కర్లేదు. ఓటు నమోదు చేసే ఫారం 6లో ఫలానా వంతెన కింద అని రాస్తే బీఎల్‌ఓ (బూత్ స్థాయి అధికారి) రాత్రిపూట, ఒకటికంటే ఎక్కువ రాత్రులు వచ్చి అక్కడే పడుకుంటున్నాడని చూసుకోవాలి. చూశాక వేరే రుజువు అడగకూడదు. ఓటు కార్డు ముందు వస్తే మిగతావి సులువవుతాయి. యానాదులైతే నెల్లూరు ఐటీడీఏకి (గిరిజనాభివృద్ధి సంస్థ) కూడా ఒక కాపీ పెట్టండి.

కాలిఫోర్నియా_కావలి:
ఇక్కడ శాన్‌ఫ్రాన్సిస్కోలో డేరాలు చూస్తే మన గట్టే నయం అనిపిస్తుంది. అంతా మత్తుమందులే. 2024 జూన్ 28న వీళ్ల సుప్రీంకోర్టు గ్రాంట్స్ పాస్ కేసులో 6-3తో, బయట పడుకుంటే జరిమానా వెయ్యొచ్చని కూడా చెప్పేసింది. మనమూ అంత గట్టిగా ఉంటే?

నల్లకోటు:
జరిమానా వేస్తే ఇల్లొస్తుందా బాబాయ్? 2024 జనవరి లెక్కలో అమెరికాలో ఇల్లులేనివాళ్లు 7,71,480. మత్తుమందు చావులు ఎక్కువున్న వెస్ట్ వర్జీనియాలో ఇల్లులేనివాళ్లు తక్కువ, ఎందుకంటే అక్కడ అద్దెలు తక్కువ. ఫిన్లాండ్ 2008 నుంచి ముందు గది తాళం చేతికిచ్చి, తాగుడు మానడం సంగతి తర్వాత చూసింది, సంఖ్య తగ్గింది. పాకమనిషి చెప్పిన 14,000 లెక్క అక్కడా ఇక్కడా ఒకటే.

మన కోర్టుల సంగతి. 1985లో బొంబాయి పేవ్‌మెంటు వాసుల ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు వాళ్లు జీవించే హక్కులో బతుకుదెరువు కూడా ఉంది, తీసేముందు నోటీసు ఇవ్వాలి అన్నారు. పేవ్‌మెంటు మీద ఉండే హక్కు ఉందని మాత్రం అనలేదు. 2024 నవంబరు 13న బుల్డోజర్ కూల్చివేతల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులోని 15 రోజుల నోటీసు గురించి వాట్సాప్‌లో అందరూ తిప్పుతున్నారు. రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క, నదీ నీటివనరుల మీద ఉన్నవాటికి అది వర్తించదని అందులోనే ఉంది. కాలవగట్టు వాళ్లకి దాన్ని చూపించి ధైర్యం చెప్పేవాళ్లు ముందు తీర్పు చదవండి.

ఓల్గా టెల్లిస్‌లో మనకి పనికొచ్చే సంగతి ఇంకోటుంది. వాన తగ్గాక, అక్టోబరు 31 దాటాకే తియ్యమన్నారు. అది బొంబాయి వాన లెక్క. నెల్లూరులో అక్టోబరు 31 అంటే వాయుగుండాలు వరసకట్టే రోజులు. మక్కీకి మక్కీ దించితే సరిగ్గా తుపాను నోట్లోకి తోసినట్టు.

కాలవకొలత:
ఈ తేదీ మాట బాగుంది. సాగుకి నీళ్లు వదలని ఎండాకాలంలోనే పూడిక తియ్యడం మాకూ నయం. ఆగస్టులో హడావిడి పడేది టెండరు ఆలస్యం వల్ల, గుడిసెల వల్ల కాదు. అది ఒప్పుకుంటా.

మందులపెట్టె:
ఒంటరిగా తిరిగే మతిస్థిమితం లేనివాళ్ల గురించి మర్చిపోతున్నారు. డేరాలు తీసినరోజు వ్యానెక్కించి జిల్లా సరిహద్దులో దింపేయడం నేరం కిందికొస్తుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 100 ప్రకారం తనని తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్నవాళ్లని పోలీసులు రక్షణలోకి తీసుకుని 24 గంటల్లో దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు. ఇల్లు తెలియకపోతే తప్పిపోయిన మనిషిగా ఎఫ్ఐఆర్ కట్టి ఇంటివాళ్లని వెతకాలి. స్టేషన్లో సెక్షన్ నంబరు చెప్పి అడగండి, మాట మారుతుంది. మానసిక సమస్యలకి ఫోను సాయం, టెలి మానస్ 14416. పిల్లలు ఒంటరిగా కనబడితే 1098. ముసలోళ్లకి 14567. కొడుకులు ఆస్తి రాయించుకుని వదిలేస్తే 2007 చట్టం కింద ఆర్డీఓ దగ్గర అర్జీ, నెలకి 10,000 దాకా ఇప్పించొచ్చు.

ఒంగోలుగిత్త:
సరే, ఈ ఏడు ఎవరూ కదలరు, వాన మాత్రం వస్తుంది. డేరా వేసుకున్నవాళ్లు వేసుకునే ఉంటారు. అప్పటిదాకా ఏం చెయ్యాలి?

పాకమనిషి:
పట్టా చిరిగేది ఎప్పుడూ మూల దగ్గర. తాడు కోసం అంచున ఉండే రంధ్రానికి నేరుగా తాడు కడితే గాలికి అది ఊడొస్తుంది, అక్కడినుంచి చీలుతుంది. మూల నుంచి జానెడు లోపల నిమ్మకాయంత నున్నటి గులకరాయి పెట్టి, పట్టాని దాని చుట్టూ ముడిచి, మెడ దగ్గర తాడు బిగించండి. లాగేకొద్దీ బిగుస్తుంది, చిరగదు. అంచు పొడవునా మూడడుగులకొకటి ఇలా కట్టాలి. కోణాలున్న కంకర వాడొద్దు, అదే కోస్తుంది.

ఐదుగురి ఇంటికి 12×16 అడుగుల నేల అనుకుంటే, సరుగుడు కర్రలతో నడిమి వెన్ను 7 అడుగులు, చూరు 4 అడుగులు. దానికి 18×18 పట్టా. వెన్ను ఇంతకంటే దిగితే వాలు చాలక నీళ్లు తొట్టిలా నిలిచి, పట్టా సాగి, తెల్లారేసరికి మీద పడుతుంది. అక్టోబరు నుంచి గాలివాన ఈశాన్యం నుంచి కొడుతుంది, గుమ్మం నైరుతికి పెట్టాలి. చుట్టూ జానెడు లోతు గాడి తీసి, ఆ మట్టినే లోపలి అంచుకి కట్ట వెయ్యాలి. గాడి చివర పల్లానికి తెగ్గొట్టకపోతే అదే చెరువు. ఎండాకాలం పట్టా కింద మనిషి ఉడికిపోతాడు. పైన తాటాకు వేసి, కింద పట్టా, మధ్య అరడుగు సందు ఉంటే వేడి చాలా తగ్గుతుంది.

డేరాకీ డేరాకీ 2 మీటర్లు వదలమని అందుకే మొత్తుకునేది, ఒకటి అంటుకుంటే పట్టా కరిగి బొట్లు బొట్లుగా పక్కదాని మీద పడుతుంది. విపత్తు సాయానికి వాడే స్ఫియర్ కొలతలే చూడండి: మనిషికి 3.5 చదరపు మీటర్లు, రోజుకి 15 లీటర్ల నీళ్లు, 20 మందికి ఒక దొడ్డి. కిరసనాయిల బుడ్డి మానిపించి చిన్న సోలార్ లైటు ఇవ్వండి. స్తంభం నుంచి కొక్కెం వేసి తెచ్చుకున్న వైరు తడిపట్టాకి తగిలితే మాత్రం ఎవరూ లేవరు.

రాత్రిలెక్క:
లెక్క తీసే పద్ధతి ఒకటి మిగిలింది. పగలు తీస్తే పనికి పోయినవాళ్లు పోతారు, ఊరికే వచ్చి నిలబడ్డవాళ్లు చేరతారు. 2011 జనగణనలో కూడా ఇల్లులేనివాళ్లని ఫిబ్రవరి 28 రాత్రి ఒక్కసారే లెక్కపెట్టారు. వార్డు పటం ముక్కలు చేసి, ముక్కకి ఇద్దరు, అందులో ఒకరు ఆడమనిషి. రాత్రి 11 నుంచి 4 లోపల, ఊరంతా ఒకే రాత్రి. రొట్టెల పండగ రోజుల్లో స్వర్ణాల చెరువు చుట్టుపక్కల వద్దు, యాత్రికులంతా లెక్కలోకి వస్తారు. నిద్ర లేపొద్దు, ముఖం మీద టార్చి వెయ్యొద్దు. ఒంటరి ఆడవాళ్లు కంటబడే చోట పడుకోరు, కొందరు రాత్రంతా నడుస్తూ తెల్లారాక నిద్రపోతారు. వాళ్లకోసం ఉదయం 7కి ఆస్పత్రి, బస్టాండు మళ్లీ చూడాలి. ఆ లెక్క లేకుండా ఏ ప్లానూ నమ్మొద్దు.

ట్రంకురోడ్డోడు:
ఖాళీ చేయించే రోజు సామాను సంగతేంటి? మొన్న వేరే చర్చలో ఎవరో ట్రాక్టర్లో పోసి తీసుకెళ్తారన్నారు.

నల్లకోటు:
అలా పోస్తే ఆధార్, రేషన్ కార్డు, టీబీ మందులు, బడి పుస్తకాలు అన్నీ చెత్తలో కలుస్తాయి, ఆర్నెల్ల కాగితాల పని మొదటికి వస్తుంది. డేరాకొక నంబరు, ఇంటికొక గోనెసంచి, సంచికి అదే నంబరు, ముందురోజు సాయంత్రమే. వలలు, తోపుడుబళ్లు, కొలిమి విడిగా రాయాలి, అవి లేకపోతే మర్నాడు తిండి లేదు. తోపుడుబండి ఉన్నవాళ్లకి 2014 వీధి వ్యాపారుల చట్టం కింద 30 రోజుల నోటీసు వేరుగా ఉంది. ఇంటి నోటీసుతో కలిపెయ్యకూడదు.

పెన్నాగాలి:
కొలతన్నా, ఒక గట్టు మాత్రం యంత్రానికి వదిలి, పని జరిగే ఆ పది పన్నెండు రోజులు అవతలి గట్టుకి జరిపితే కుదరదా? శాశ్వతంగా కాదు, చోటు దొరికేదాకా.

కాలవకొలత:
పొడుగు చేతి పొక్లెయిన్ అయితే ఒక గట్టు నుంచే అవతలి అంచు అందుతుంది. రోడ్డు ఉన్న వైపు గట్టు మాకు వదలండి, ట్రాక్టరు అటే వస్తుంది. 300 మీటర్ల ముక్కలుగా చెయ్యొచ్చు. కానీ అక్టోబరు ఒకటికి రెండు గట్లూ ఖాళీ ఉండాలి, అందులో బేరం లేదు.

రాత్రిలెక్క:
అయితే మార్చేది మేలోనే, బడి సెలవుల్లో. జూన్ 12న బడి తెరిచేటప్పటికి కొత్త చోటికి దగ్గరి బడిలో పిల్లల పేర్లు ఎక్కి ఉండాలి. పిల్లలు పాత బడికే పోవాల్సి వస్తే తల్లి మళ్లీ పాత గట్టుకే వస్తుంది.